డబ్బు కట్టేముందు రెండో ఏడాది సంగతి అడగండి

సంపాదకులకు నమస్కారం.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పదమూడేళ్లుగా పెన్సిల్వేనియా రాష్ట్రం నడిమధ్యన, పాడి రైతులు ఎక్కువగా ఉండే ఒక చిన్న ఊళ్లో ఫిజీషియన్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ పొడి అక్షరాల్లో పిఏ అంటారు. డాక్టరుతో కలిసి పనిచేస్తూ రోగిని పరీక్షించడం, జబ్బేమిటో తేల్చడం, మందులు రాయడం, గాయాలకు కుట్లు వేయడం మా పని. పొద్దున క్లినిక్‌కు బయలుదేరేముందు మీ పత్రికను ఫోనులో చదువుకోవడం నాకు అలవాటు. చదువుల పేజీలో ఈ కోర్సు గురించి వచ్చినప్పుడల్లా జీతం, అర్హతలు, దరఖాస్తు గడువు కనిపిస్తాయి గానీ, అన్నిటికన్నా ముందు అడగవలసిన సంగతి ఒక్కసారీ కనిపించలేదు. రాద్దామని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఈ మధ్య మా ఇంట్లోనే ఆ అవసరం వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం న్యూజెర్సీ నుంచి మా పెదనాన్నగారి అబ్బాయి ఫోను చేశాడు. కూతురికి రెండు చోట్ల పిఏ సీటు వచ్చింది. పది రోజుల్లో ఏదో ఒక చోట డిపాజిట్ కట్టాలి. ‘ఒకటి కొత్త భవనం అమ్మాయ్, అద్దంలా ఉంది. మనిషిలాగే ఊపిరి పీల్చే బొమ్మలు కూడా పెట్టారు. రెండోది పాత కాలేజీ, ఇరుకు గదులు. కొత్తదానికే కట్టేద్దామనుకుంటున్నాను, ఏమంటావు?’ అన్నాడు. ‘అన్నయ్యా, రెండో ఏడాది పిల్లను ఎక్కడికి పంపుతారు?’ అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. మేనకోడలు ఫోను అందుకుని, ‘అది వాళ్లే చూసుకుంటారు అత్తా. రెండువందలకు పైగా ఆసుపత్రులతో, క్లినిక్‌లతో ఒప్పందాలున్నాయని వెబ్‌సైట్‌లో రాశారు’ అంది.

‘వాళ్లే చూసుకుంటారు’ అన్న ఆ మాట గురించే ఈ ఉత్తరం.

పిఏ చదువు సుమారు రెండుంపావు సంవత్సరాలు. మొదటి ఏడాది తరగతి గదిలో గడుస్తుంది. తర్వాత ఏడాది పైచిలుకు రొటేషన్లు. నాలుగు నుంచి ఆరు వారాల చొప్పున ఒక్కో విభాగంలో నిజమైన రోగుల దగ్గర, ప్రిసెప్టర్ అనే గురువు పక్కన నిలబడి పని నేర్చుకోవాలి. ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, ఎమర్జెన్సీ, సర్జరీ, పిల్లల వైద్యం, స్త్రీల వైద్యం, మానసిక వైద్యం, ఇవి ఏ కాలేజీలోనైనా తప్పవు. అసలు ఈ వృత్తి పుట్టిందే చేత్తో పని నేర్చినవాళ్లతో. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదటి తరగతి పెట్టినప్పుడు అందులో చేరిన నలుగురూ నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవాళ్లే. గాయాలు కట్టిన అనుభవం వాళ్లకు ముందే ఉంది, పాఠం తర్వాత వచ్చింది. ఇప్పటి పిల్లలకు పాఠం ముందు వస్తుంది. ఆ అనుభవం ఇచ్చేది రెండో ఏడాదే. అది సరిగా లేకపోతే చదువంతా గట్టున కూర్చుని ఈత నేర్చుకున్నట్టే.

నా సంగతి చెబుతాను. గుంటూరులో బీఎస్సీ చదివి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. ఆ డిగ్రీ ఉన్నా అనాటమీ, ఫిజియాలజీ, కెమిస్ట్రీ మళ్లీ ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో రాత్రి తరగతులకు వెళ్లి చదవాల్సి వచ్చింది. ఒక క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్‌గా రెండువేల గంటలు పనిచేశాను. నాలుగేళ్లు అలా గడిచాక సీటు వచ్చిందన్న సంతోషంలో ఎవరినీ ఏమీ అడగలేదు. మొదటి ఏడాది పాఠాలు చాలా బాగా చెప్పారు, ఆ మాట ఒప్పుకోవాలి. రెండో ఏడాదిలో మూడో రొటేషన్ స్త్రీల వైద్యం. సోమవారం మొదలుకావాలి. గురువారం సాయంత్రం కాలేజీలో రొటేషన్లు చూసే కోఆర్డినేటర్ ఫోను చేసి, ఆ డాక్టరు ఈసారి విద్యార్థులను తీసుకోవడం లేదని చెప్పింది. ఆ ఒక్క ఏడాదిలో ఆ కుర్చీలో కూర్చున్న మూడో మనిషి ఆమె. తర్వాత ఆమె అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ‘ఇండియన్ డాక్టర్లు చాలామంది ఉన్నారు కదా, మీకు తెలిసినవాళ్లు ఎవరైనా దొరుకుతారేమో చూడండి.’

దొరికారు. మా ఆయన స్నేహితుడి అక్కగారు నాలుగు గంటల దూరంలో ప్రసూతి వైద్యురాలు. ఆమె పుణ్యమా అని రమ్మన్నారు. కానీ ఆ ఆసుపత్రికీ మా కాలేజీకీ మధ్య ఒప్పంద పత్రాలు పూర్తయ్యేసరికి ఐదు వారాలు పోయాయి. ఆ ఐదు వారాలూ ఇంట్లో కూర్చున్నాను. ఆ తర్వాత మూడేళ్ల కొడుకును మా ఆయనకు అప్పగించి, ఆ ఊళ్లో ఇనుప సామాన్ల కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆరు వారాలు. శుక్రవారం రాత్రి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ ఇంటికి రావడం, ఆదివారం మధ్యాహ్నం తిరిగి బయలుదేరడం. బయలుదేరే వేళకు వాడు నా బూట్లు తీసుకెళ్లి సోఫా వెనక దాచేసేవాడు. నా తోటివాళ్లు పట్టాలు అందుకున్న రోజుకు నాకింకా ఒక రొటేషన్ మిగిలే ఉంది.

నాకు ఆ రోజు తెలియని విషయం ఒకటుంది. అమెరికాలో పిఏ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ పేరు ఆర్క్-పిఏ. రొటేషన్ల స్థలాలనూ ప్రిసెప్టర్లనూ కాలేజీయే సమకూర్చాలనీ, విద్యార్థే వెతుక్కోవాలని నిర్బంధించకూడదనీ ఆ సంస్థ ప్రమాణాల్లో స్పష్టంగా రాసి ఉంది. ఉద్యోగంలో చేరిన తర్వాత ఎప్పుడో చదివాను. మన కుటుంబాల్లో దీన్ని ఎవరూ తప్పుగా చూడరు. ‘మన డాక్టర్లు ఊరికి పదిమంది ఉన్నారు, ఒక్క మాట చెబితే అయిపోతుంది’ అంటారు. చేరకముందు బాబాయి గారి క్లినిక్‌లో నాలుగు రోజులు కూర్చుని పని చూడటం మంచిదే, అందులో వంక లేదు. కానీ లక్ష డాలర్లు దాటే ఫీజు తీసుకుని కాలేజీ చేయవలసిన పనిని బాబాయి నెత్తిన పెడితే, బాబాయి లేని పిల్ల ఏం కావాలి? నాతో చదివిన ఒకమ్మాయి, బొగ్గు గనుల ఊరి నుంచి వచ్చింది, బంధువుల్లో డాక్టరు కాదు కదా నర్సు కూడా లేరు. ఆమె నాకన్నా రెండు నెలలు ఎక్కువ ఆగింది.

ఈ కొరత ఊరికే రాలేదు. దేశంలో పిఏ కోర్సులు మూడువందలు దాటాయి. మెడికల్ విద్యార్థులూ, పై చదువు చదివి రోగులకు చికిత్స చేసే నర్స్ ప్రాక్టీషనర్ల విద్యార్థులూ, మా విద్యార్థులూ అందరూ తట్టేది అవే తలుపులు. ఒక డాక్టరు రిటైరైతే, ఒక ఆసుపత్రి మరో ఆసుపత్రిలో కలిసిపోతే, కాగితం మీది ఒప్పందం కాగితం మీదే మిగిలిపోతుంది.

ఇప్పుడు నేను ప్రిసెప్టర్‌ని. మా క్లినిక్‌కు రెండు కాలేజీల నుంచి విద్యార్థులు వస్తారు. కిందటి అక్టోబరులో వచ్చిన అమ్మాయికి మా దగ్గరిది ఐదో రొటేషన్. అంతకుముందే ఎమర్జెన్సీలో ఆరు వారాలు పూర్తిచేసింది. ఆమె వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం ఒక పాడి రైతు ముంజేతికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. పశువుల కొట్టం రేకు కోసుకుంది. మూడంగుళాల గాయం, నరాలకేమీ కాలేదు, వేళ్లన్నీ బాగా కదులుతున్నాయి. మత్తు సూది ఇచ్చి, గాయం కడిగి, ‘కుట్లు నువ్వు వెయ్యి’ అన్నాను. ఆమె నీడిల్ హోల్డర్ పట్టిన తీరులోనే నాకు అర్థమైపోయింది. వంపు సూదిని కొసకు దగ్గరగా బిగించింది. అలా పడితే సూది చర్మం దాటి అవతలికి రాదు. ఆమె చేతి మీద నా చెయ్యి వేసి, కొస నుంచి మూడింట రెండు వంతులు వెనక్కి జరిపించాను. సూది చర్మంలోకి నిటారుగా దిగాలి, దిగాక తోయకూడదు, తాళంచెవి తిప్పినట్టు మణికట్టు తిప్పాలి అని చెప్పాను. మొదటి కుట్టుకు నాలుగు నిమిషాలు పట్టింది. ఆమె నుదుటి మీది చెమట నేను తుడిచాను. ఆ రైతు తల తిప్పి ఆమెను చూసి, ‘నిదానంగా కానివ్వు తల్లీ, పాలు పితికే వేళ దాకా నాకు పని లేదు’ అన్నాడు. మొత్తం తొమ్మిది కుట్లు. చివరి మూడూ నేను ముట్టుకోలేదు. అంచులు చక్కగా కలిశాయి.

అతను వెళ్లాక, ‘ఎమర్జెన్సీలో ఆరు వారాలు ఏం చేశావమ్మా?’ అని అడిగాను. బీపీలు చూశానంది. రోగులను చక్రాల కుర్చీలో ఎక్స్‌రేకు తీసుకెళ్లానంది. మంచాల మీద దుప్పట్లు మార్చానంది. అక్కడ సిబ్బంది తక్కువట. మందుల మోతాదులన్నీ నోటికి వచ్చిన పిల్ల, అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పగల పిల్ల, ఎమర్జెన్సీలో ఆరు వారాలుండి ఒక్క గాయం కుట్టలేదు. సిబ్బందికి బదులుగా విద్యార్థిని వాడుకోకూడదని కూడా ఆ ప్రమాణాల్లోనే ఉంది. కానీ ఆరు వారాల్లో ఆమె కాలేజీ నుంచి ఒక్కరూ వెళ్లి చూడలేదు. చివర్లో ఒక ఫారం వచ్చింది, అక్కడివాళ్లు అన్ని గళ్లలోనూ బాగుందని గుర్తు పెట్టి పంపేశారు. మాకు విద్యార్థులను పంపే రెండో కాలేజీ పద్ధతి వేరు. మూడో వారంలో వాళ్ల అధ్యాపకురాలు స్వయంగా వస్తారు. విద్యార్థి రోగితో మాట్లాడుతుంటే మూలన నిలబడి వింటారు. ఎన్ని గుండె చప్పుళ్లు విన్నాడు, ఎన్ని కుట్లు వేశాడు, ఏది ఇంకా రాలేదు అని నన్ను కూర్చోబెట్టి అడుగుతారు. ఆ తేడా ఏ ర్యాంకుల పట్టికలోనూ రాదు.

అందుకే ఆ ఆదివారం రాత్రి మేనకోడలితో గంటన్నర మాట్లాడాను. మర్నాడు రెండు కాలేజీలకూ ఆమె ఒకే ఉత్తరం రాసింది. మీరు చెప్పే ఒప్పందాల్లో గడిచిన పన్నెండు నెలల్లో నిజంగా విద్యార్థులను తీసుకున్నవి ఎన్ని? కాలేజీ నుంచి ఎంత దూరం? దూరమైతే బస ఖర్చు ఎవరిది? కిందటి తరగతిలో ఎంతమందికి రొటేషన్ చివరి నిమిషంలో మారింది? పిల్లల వైద్యం పిల్లల డాక్టరు దగ్గరేనా, లేక పిల్లలు కూడా వచ్చే ఏదో ఒక క్లినిక్‌లోనా? మానసిక వైద్యానికి ఆ విభాగం వార్డు చూపిస్తారా? సర్జరీలో చేతులు కడుక్కుని బల్ల దగ్గర నిలబడనిస్తారా, లేక రెసిడెంట్ డాక్టర్ల వెనక గోడకు ఆనుకుని చూడటమేనా? కోఆర్డినేటర్ ఆ పనిలో ఎన్నేళ్లుగా ఉన్నారు?

కొత్త భవనం కాలేజీ నుంచి నాలుగు రోజులకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఈ వివరాలు చేరిన విద్యార్థులకు మాత్రమే ఇస్తామన్నారు. పాత కాలేజీ నుంచి కోఆర్డినేటర్ స్వయంగా ఫోను చేసింది. తొమ్మిదేళ్లుగా అదే పనిలో ఉందట. తమకు అరవై పైచిలుకు స్థలాలే ఉన్నాయనీ, అన్నీ వాడుకలో ఉన్నవేననీ చెప్పింది. రెండు రొటేషన్లు మాత్రం తొంభై మైళ్లు దాటుతాయి, వాటిలో ఒకదానికే బస ఇవ్వగలం అంది. కాన్పుల గురించి అడిగితే, ‘కిందటి తరగతిలో ముగ్గురికి ఒక్క కాన్పూ దొరకలేదు. దొరుకుతుందని మీకు మాట ఇవ్వలేను, రాత్రి డ్యూటీలు అడిగి తీసుకుంటే అవకాశం ఎక్కువ’ అంది. మా అన్నయ్యకు ఈ జవాబు నచ్చలేదు. నాకు మాత్రం అది విన్నాక ధైర్యం వచ్చింది. లేనిదాన్ని లేదని చెప్పే మనిషి, రేపు రొటేషన్ పోయినప్పుడు గురువారం సాయంత్రం దాకా దాచిపెట్టదు.

అంకెల గురించి కూడా ఒక మాట. చదువు పూర్తయ్యాక ప్యాన్స్ అనే లైసెన్సు పరీక్ష రాయాలి. మూడువందల ప్రశ్నలు, ఐదు గంటలు. మొదటిసారి ఎంతమంది పాసయ్యారో ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. కొత్త భవనం కాలేజీది కిందటి ఏడాది 98 శాతం, పాతదానిది 92. అన్నయ్య ఆ రెండు అంకెలే చూశాడు. కానీ కాలేజీలు పెట్టవలసిన పట్టిక ఇంకొకటుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది పట్టా తీసుకున్నారు అన్నది. దాన్ని తీయించాను. మొదటిచోట 60 మంది చేరితే 48 మంది పట్టా తీసుకున్నారు. వాళ్లలో 47 మంది మొదటిసారే పాసయ్యారు. రెండోచోట 40 మంది చేరారు, 39 మంది పూర్తిచేశారు, 36 మంది పాసయ్యారు. చేరినవాళ్ల లెక్కన చూస్తే మొదటిచోట నూటికి 78, రెండోచోట 90. మధ్యలో ఆగిపోయిన ఆ పన్నెండు మంది పేరు మీద కూడా అప్పు ఉంటుంది. ఒక్క ఏడాది చూసి తేల్చకండి, కొన్నేళ్ల అంకెలు వరుసగా పెట్టుకుని చూడండి. ఆర్క్-పిఏ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ గుర్తింపు ఏ స్థితిలో ఉందో, లోపాల వల్ల ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద, పడిందో లేదో పది నిమిషాల్లో తెలుస్తుంది.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు తిప్పి చూపించేది సాధారణంగా మొదటి ఏడాది విద్యార్థులే. వాళ్లు అబద్ధం చెప్పరు, కానీ వాళ్లకు రొటేషన్ల సంగతి ఇంకా తెలియదు. తెలిసినవాళ్లు ఊళ్లో ఉండరు, రొటేషన్లలో ఉంటారు. రెండో ఏడాది విద్యార్థి ఒకరి ఫోను నంబరు ఇప్పించమని అడగండి. మా మేనకోడలు అలా ఒకరితో రాత్రి తొమ్మిదింటికి, అతను డ్యూటీ దిగి కారులో కూర్చున్నాక మాట్లాడింది. తనకు ఒక రొటేషన్ మారిందనీ, మూడు వారాల ముందే చెప్పారనీ అన్నాడు. ఆ ఒక్క మాట చాలు నాకు.

మన ఊళ్లలో ఉన్న తల్లిదండ్రులకు కూడా ఒక విషయం చెప్పాలి. నిరుడు తెనాలి వచ్చినప్పుడు ఇద్దరు వేర్వేరుగా నన్ను అడిగారు, మన దేశంలో బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ చేస్తే అమెరికాలో ఉద్యోగం వస్తుందని కన్సల్టెన్సీలో చెప్పారు, నిజమేనా అని. కాదు. ఆర్క్-పిఏ గుర్తింపు ఉన్న కోర్సు పూర్తిచేసినవాళ్లనే ప్యాన్స్ పరీక్షకు కూర్చోనిస్తారు. మన దగ్గర ఎంబీబీఎస్ చేసి, ఉద్యోగం చేసే భర్త లేదా భార్య వెంట హెచ్4 వీసా మీద వచ్చినవాళ్లకు కూడా ఇందులో దగ్గరి దారి లేదు, ఇక్కడ మళ్లీ మొదటినుంచి చదవాలి. మన దేశంలో ఈ చదువుకు తన విలువ తనకుంది. 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె శస్త్రచికిత్స నిపుణులు డాక్టర్ కె.ఎం. చెరియన్ దాన్ని మొదలుపెట్టారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టంలో ఈ వృత్తికీ చోటు దక్కింది. మన దగ్గరే పనిచేయాలని చేరే పిల్లలు సంతోషంగా చేరవచ్చు. వాళ్లూ అడగవలసింది ఇదే. ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, ఏయే వార్డుల్లో, ఎవరి పక్కన? అరచేతిలో అమెరికా చూపించే మనిషిని మాత్రం, ఈ కోర్సు చేసి ప్యాన్స్ రాసిన ఒక్కరిని చూపించమని అడగండి.

ఈ జాగ్రత్త ఇప్పుడు మరీ అవసరం. 2025లో వచ్చిన చట్టం వల్ల 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ రుణం ఉండదు. ఇంతకాలం ఫీజులో మిగిలిన లోటంతా అదే పూడ్చేది. ఇకమీదట ఆ లోటు తండ్రి దాచుకున్న డబ్బో, బ్యాంకు అప్పో పూడ్చాలి. మా అన్నయ్య తెనాలిలో తన వాటా స్థలం అమ్మకానికి పెట్టాడు. అలాంటి డబ్బు కట్టే మనిషికి ప్రశ్నలు అడిగే హక్కు లేదా? అడిగితే సీటు పోతుందేమోనని పిల్లలు భయపడతారు. మర్యాదగా అడిగినందుకు ఇచ్చిన సీటు వెనక్కి తీసుకున్న కాలేజీని నేను ఇంతవరకు చూడలేదు.

అన్నయ్య చివరికి పాత కాలేజీకే డిపాజిట్ కట్టాడు. ఆగస్టులో తరగతులు మొదలు. తొంభై మైళ్ల రొటేషన్ల కోసం మా పాత కారు మేనకోడలికి ఇస్తున్నాం.

ఈసారి చదువుల పేజీలో పిఏ కోర్సు గురించి వేసినప్పుడు జీతం పక్కనే రొటేషన్ల గురించి కూడా నాలుగు వాక్యాలు వేయవలసిందిగా కోరుతున్నాను. తల్లిదండ్రులెవరైనా అడగదలచుకుంటే మీ కార్యాలయానికి రాయమనండి. మీరు నాకు పంపితే ఆదివారాలు కూర్చుని జవాబులు రాస్తాను.

ఇట్లు,
తెనాలి నుంచి వచ్చి పెన్సిల్వేనియాలో పనిచేస్తున్న ఒక ఫిజీషియన్ అసిస్టెంట్